పొలంలో దొరికిన నల్లరాయి ఉల్కేనా? అమ్మొచ్చా? ఉల్కారాళ్ళ సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు. తొలకరి వానల తర్వాత జొన్నగిరి వైపు వజ్రాల వేటకు వెళ్ళిన మీ మామయ్యగారికి పిడికెడు నల్లరాయి దొరికింది. చేతికి బరువుగా ఉంది, అయస్కాంతం అంటుకుంటోంది, ఎవరో వాట్సాప్‌లో కోటి రూపాయలు పలుకుతుందన్నారు. అది ఉల్కేనా, అమ్ముకోవచ్చా అన్నవి రెండు. మీకు ఈ రాళ్ళ మీద నిజంగానే ఆసక్తి పుట్టింది కాబట్టి సేకరణ ఎలా మొదలుపెట్టాలన్నది మూడోది. నేను అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉద్యోగం చేసిన రోజుల నుంచి వీటిని కొంటున్నాను, చదువుతున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. మూడింటికీ వివరంగానే చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

ముందు చేయకూడనివి చెప్తాను. రాయిని పగలగొట్టొద్దు. గ్రైండర్ పెట్టి రాయొద్దు. అయస్కాంతం మళ్ళీ మళ్ళీ అంటించొద్దు. "శాంపిల్ టెస్టింగు"కంటూ ఎవరు డబ్బు అడిగినా ఒక్క రూపాయి ఇవ్వొద్దు.

అయస్కాంతం ఎందుకు వద్దన్నానో చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. కొన్ని ఉల్కారాళ్ళలో అవి పుట్టిన చోటి అయస్కాంత క్షేత్రం ముద్ర కోట్ల ఏళ్ళుగా నిలిచి ఉంటుంది. ఇప్పుడు దొరికే నియోడిమియం అయస్కాంతం ఒక్కసారి దగ్గరికి తెస్తే ఆ ముద్ర చెరిగిపోతుంది. మొరాకో వ్యాపారుల ద్వారా 2011లో బయటికొచ్చిన అంగారకుడి రాయి ఒకటుంది. పేరు నార్త్‌వెస్ట్ ఆఫ్రికా 7034, అందరూ బ్లాక్ బ్యూటీ అంటారు. అందులో 440 కోట్ల ఏళ్ళకు పైబడిన జిర్కాన్ రేణువులున్నాయి. అంగారకుడికి ఒకప్పుడు ఉన్న అయస్కాంత క్షేత్రం ఎలాంటిదో చెప్పగలిగిన రాయి అది. తీరా కొలిచి చూస్తే, అదే రాయికి చెందిన మిగతా ముక్కల్లో ఆ జాడ లేదు. ఎడారిలో ఏరినవాళ్ళు, కొన్నవాళ్ళు "ఉల్కేనా" అని చేత్తో పట్టి చూసిన అయస్కాంతాలే దాన్ని తుడిచేశాయి. అందుకే నేను దిక్సూచి వాడమంటాను. రాయిని దిక్సూచి పక్కకు తెచ్చినప్పుడు ముల్లు కదిలిందంటే లోపల ఇనుమో, మాగ్నటైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజమో ఉన్నట్టే. పరీక్షకు అది చాలు.

ఇక మీ రాయి సంగతి. అయస్కాంతం అంటుకుందన్న ఒక్క కారణంతో ఉల్క అనుకోవడానికి లేదు. మీరున్న ప్రాంతంలో అయస్కాంతానికి స్పందించే రాళ్ళు అడుగడుగునా ఉంటాయి. అనంతపురం, కర్నూలు జిల్లాల్లో గ్రానైటును చీల్చుకుని వచ్చిన నల్లటి డోలరైట్ డైకులు మైళ్ళ కొద్దీ సాగుతాయి. ఆ రాతిలో మాగ్నటైట్ కొద్దిగా ఉంటుంది కాబట్టి అయస్కాంతం మెల్లగా లాగుతుంది. ఓబుళాపురం వైపు హెమటైట్ అనే ఇనుప ఖనిజం ఉంది. ఒంగోలు పరిసరాల్లో మాగ్నటైట్ పొరల క్వార్ట్‌జైట్ ఉంది. తెలంగాణలోనైతే ఇంకో చిక్కు. నిజామాబాదు జిల్లా కోనసముద్రం లాంటి ఊళ్ళలో తరతరాలు ఇనుము కరిగించి ఉక్కు తీశారు. ఆ కొలుముల నుంచి వచ్చిన ఇనుప చిట్టెం పొలాల్లో ఇప్పటికీ తేలుతుంది. నల్లగా, బరువుగా, ఒకవైపు కరిగి కారినట్టు ఉంటుంది. నాకు ఫొటోలు పంపేవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉండేది ఈ చిట్టెమే. గుర్తుపట్టడం సులువు: చిట్టెంలో గాలి బుడగల చిల్లులుంటాయి. ఉల్కారాళ్ళలో అలాంటి చిల్లులు దాదాపు ఉండవు.

ఇంట్లోనే చేసుకోదగ్గ మంచి పరీక్ష సాంద్రత. వంటింటి డిజిటల్ తూకం మీద రాయి బరువు చూసి రాసుకోండి. తర్వాత గిన్నెలో నీళ్ళు పోసి తూకం మీద పెట్టి, సున్నాకు తెచ్చి, రాయిని దారంతో కట్టి అడుగుకు తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు తూకం చూపే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి అంకెను రెండో అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. డోలరైటుకు 3 దగ్గర వస్తుంది. హెమటైట్, మాగ్నటైట్ 5 చుట్టుపక్కల ఉంటాయి. మామూలు రాతి ఉల్కకు 3.2 నుంచి 3.7 మధ్య, ఇనుప ఉల్కకు 7.5 పైన. మీ రాయి ఎన్నో వానలు తిన్నదే కాబట్టి ఈ ఒక్క మునకతో దానికి వచ్చే నష్టం లేదు, వెంటనే ఆరబెట్టండి. నిన్ననో మొన్ననో కళ్ళముందు పడ్డ రాయైతే మాత్రం నీటి చుక్క కూడా తగలనివ్వకూడదు.

తర్వాత గీత పరీక్ష. సిరామిక్ టైల్ వెనక గరుకువైపు రాయి మూలతో గీయండి. ఎర్ర గోధుమ గీత పడితే హెమటైట్, నల్లగీత పడితే మాగ్నటైట్. తాజా ఉల్కైతే గీత పడదు, పడినా బూడిదరంగులో లేతగా ఉంటుంది. ఆపైన భూతద్దం తీసుకుని, రాయికి ముందే పెచ్చు ఊడిన చోటేదైనా ఉంటే అక్కడ చూడండి. బూడిదరంగు రాతిలో వెండిలా మెరిసే లోహపు చుక్కలు చెదురుమదురుగా ఉన్నాయా? సగ్గుబియ్యం పలుకుల్లాంటి గుండ్రటి రేణువులున్నాయా? ఆ గుండ్రటివాటిని కాండ్రూల్స్ అంటారు. భూమి మీది ఏ రాతిలోనూ అవి ఉండవు. భూమిని చేరే రాళ్ళలో ఎక్కువ భాగం కాండ్రూల్స్ ఉన్న కాండ్రైట్లే. పైన పల్చటి నల్లపొర, గాలిలో మండి కరిగిన ఫ్యూజన్ క్రస్ట్, ఒక మిల్లీమీటరు కన్నా మందం ఉండదు. క్వార్ట్‌జ్, అంటే పలుగురాయి, కనిపించిందా, ఉల్క కాదని అక్కడితో వదిలేయొచ్చు.

ఇవన్నీ దాటితే నికెల్ చూడాలి. ఉల్కలోని ఇనుములో నికెల్ తప్పకుండా ఉంటుంది, సాధారణంగా 5 శాతం పైనే. స్క్రాప్ వ్యాపారుల దగ్గర, నగలు పరీక్షించే దుకాణాల్లో ఉండే, ఎక్స్‌రేలతో లోహాల్ని గుర్తుపట్టే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం నికెల్ ఉందో లేదో నిమిషంలో చెప్తుంది. ఆ యంత్రం నికెల్ చూపించినంత మాత్రాన ఉల్క అని తేలదు, స్టెయిన్‌లెస్ స్టీలులోనూ నికెల్ ఉంటుంది. కానీ లేదని చూపిస్తే మాత్రం ఇనుప ఉల్క అనే ఆశ వదులుకోవచ్చు.

ఇప్పుడు అమ్మకం. ఒకవేళ అది ఉల్కే అనుకుందాం. మన దేశంలో పడ్డ, దొరికిన ఉల్కారాళ్ళను ప్రభుత్వం దేశ ఆస్తిగా చూస్తుంది. వాటికి అధికారిక సంరక్షణ సంస్థ భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ, మనం జీఎస్ఐ అనేది. దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాదు బండ్లగూడలోనే ఉంది. దొరికిన చోటు, తేదీ, ఫొటోలతో వాళ్ళకు రాయండి. గుట్టుగా అమ్మే ప్రయత్నం చేస్తే చట్టం సంగతి అటుంచి, ఆ రాయికి పేరు రాదు. పేరు లేని రాయిని తెలిసినవాళ్ళెవరూ కొనరు.

ఇచ్చేస్తే మనకేం మిగులుతుంది అని మీ మామయ్యగారు అడుగుతారని తెలుసు. న్యాయమైన ప్రశ్నే. దొరికినవాళ్ళకు మంచి పారితోషికం ఇచ్చే పద్ధతి మన దగ్గర స్థిరపడాలని నేను గట్టిగా కోరుకుంటాను. అలా ఉంటే ఇంకెన్నో రాళ్ళు బయటికొస్తాయి. అయినా ఇచ్చినవి ఎక్కడికి చేరాయో చూడండి. 2017 జూన్ 6న తెల్లవారుజామున జైపూరు దగ్గర ముకుంద్‌పురా పొలంలో పడ్డ రెండు కిలోల నల్లరాయి కార్బన్ జాతి కాండ్రైట్. నీటితో మారిన మట్టి ఖనిజాలున్న అరుదైన రకం. 2019 జులై 22న బీహారు మధుబని జిల్లాలో వరిచేలో పనిచేస్తున్న రైతుల ముందు సుమారు 13 కిలోల రాయి పడింది. 2022 ఆగస్టు 17న గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో ఒక ఇంటి వసారా పలకల మీద పడ్డ దియోదర్ రాయి ఆబ్రైట్ అనే అరుదైన రాతి ఉల్క రకమని అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లాబరేటరీ వాళ్ళు తేల్చారు. మన దేశంలో అంతకు ముందు పడ్డ ఆబ్రైట్ 1852లో, ఉత్తరప్రదేశ్ బస్తీలో. ఆ బస్తీ రాయిలో దొరికిన కొత్త ఖనిజానికే అప్పటి జీఎస్ఐ అధిపతి థామస్ ఓల్డ్‌హామ్ పేరిట ఓల్డ్‌హామైట్ అని పేరు పెట్టారు. అదే 1852లో జనవరి 23న మన నెల్లూరులో ఒక కాండ్రైట్ పడింది. అంతకు ముందు 1814లో గుర్రంకొండలో ఇంకొకటి. ప్రపంచ ఉల్కల పట్టికలో ఆ రెండు తెలుగు ఊళ్ళ పేర్లు ఈనాటికీ ఉన్నాయి. 1865 ఆగస్టు 25న బీహారులోని షేర్‌గాటీలో పడ్డ రాయి సంగతి ఇంకా గొప్పది. అది అంగారకుడి నుంచి వచ్చిందని వందేళ్ళ తర్వాత గానీ తేలలేదు. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ ఆ రకం అంగారక శిల దొరికినా దాన్ని షేర్‌గొటైట్ అనే అంటారు. అప్పుడెవరో దాన్ని జాగ్రత్తగా దాచి, పడిన రోజు రాసిపెట్టబట్టే ఇదంతా.

కోటి రూపాయల మాటకొద్దాం. ఆ లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. 2025 జులైలో న్యూయార్క్‌లో సోదబీస్ సంస్థ 24.67 కిలోల అంగారకుడి రాయిని వేలం వేస్తే, రుసుములతో కలిపి సుమారు 53 లక్షల డాలర్లు పలికింది. మన టీవీల్లోనూ వచ్చింది. ఆ రోజు నుంచి నల్లరాయి ప్రతిదీ కోట్లే అన్నట్టు తయారైంది. నిదానంగా లెక్కేయండి. భూమ్మీద దొరికిన అంగారక శిలల్లో అతి పెద్దదానికి, అంత ప్రచారంతో, గ్రాముకు దక్కింది సుమారు 215 డాలర్లు. మామూలు కాండ్రైటు, అందులోనూ వర్గీకరణ జరగనిది, గ్రాముకు ఒక డాలరు కూడా రాని సందర్భాలే ఎక్కువ. అర్జెంటీనా కాంపో దెల్ సియెలో ఇనుము గ్రాముకు ఒకటి రెండు డాలర్ల చుట్టూ తిరుగుతుంది. చంద్రుడి రాళ్ళు రకాన్ని బట్టి పదుల నుంచి వందల డాలర్లు. అంటే మీ పిడికెడు రాయి నిజంగా మామూలు కాండ్రైటే అయినా బయట మార్కెట్ లెక్కన అది వేల రూపాయల వస్తువు, కోట్లది కాదు.

ఆ వేలం తర్వాత జరిగింది కూడా తెలుసుకోవాలి. ఆ రాయి 2023 నవంబరులో నైజర్ దేశం అగాడెజ్ ఎడారిలో దొరికింది. అమ్ముడుపోయాక నైజర్ ప్రభుత్వం అది దేశం ఎలా దాటిందో దర్యాప్తు చేస్తామని ప్రకటించింది. పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయని వేలం సంస్థ చెప్పింది. ఎవరిది న్యాయమో నేను తేల్చలేను గానీ, ఇంత ఖరీదైన రాయికి సంబంధించి వివాదం మొత్తం నడిచింది కాగితాల మీదే. రాయి నిజమైనదా కాదా అని ఎవరూ అడగలేదు.

ఇంకో హెచ్చరిక, ఇది తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా. రైస్ పుల్లింగ్ ముఠాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాలను ముంచాయో పేపర్లు చదివేవాళ్ళకు తెలుసు. పిడుగు పడ్డ రాగి చెంబులో ఇరిడియం ఉందని, బియ్యపు గింజల్ని లాగుతుందని, శాస్త్రవేత్తల్ని రప్పించాలంటే లక్షలు కట్టాలని చెప్తారు. ఇప్పుడు వాళ్ళే చెంబు స్థానంలో ఉల్కను పెట్టి అదే కథ నడుపుతున్నారు. ఉల్కల్లో ఇరిడియం ఉన్నమాట నిజమే. కాండ్రైటులో అది పది లక్షల పాళ్ళకు అర పాలు ఉంటుంది. అంటే కిలో రాయికి అర మిల్లీగ్రాము. దాన్ని వేరుచేసే ఖర్చుకు కూడా ఆ విలువ చాలదు. ఉల్కలో ఇరిడియం పేరు ఎత్తి బేరం మొదలుపెట్టినవాడితో ఫోను అక్కడే పెట్టేయండి.

ఇక నాకు ఇష్టమైన భాగం, సేకరణ.

మొదటి రోజే ఒక మాట మనసులో నాటుకోండి. మీరు కొనేది రాయినీ దాని చరిత్రనూ కలిపి. ఉల్కకు అధికారికంగా పేరు పెట్టేది మీటియొరిటికల్ సొసైటీ. 1933 నుంచి ఉన్న అంతర్జాతీయ సంఘం. దాని పట్టిక ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఒక రాయికి పేరు రావాలంటే దాన్ని అర్హత ఉన్న ప్రయోగశాలలో పరీక్షించాలి. 20 గ్రాములు గానీ మొత్తం బరువులో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది, గుర్తింపు పొందిన సంస్థలో శాశ్వతంగా దాచిపెట్టాలి. దొరికిన స్థలం తెలిస్తే ఆ ఊరి పేరు, సహారాలో ఎక్కడో దొరికి మొరాకో బజారుకు చేరినదైతే నార్త్‌వెస్ట్ ఆఫ్రికా అని ఒక అంకె. ఆ రెండో రకం పేరు చూసినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది. రాయి మిగిలింది, దాని చోటు పోయింది. మొరాకోలోని ఎర్ఫూద్ పట్టణంలో ఒంటెల కాపరి చేతి నుంచి వ్యాపారికి, అక్కడి నుంచి ఇంకో వ్యాపారికి మారేసరికి ఆ ఇసుక ఎక్కడిదో చెప్పేవాడుండడు. అయితే ఆ కాపరులే లేకపోతే గత పాతికేళ్ళలో వచ్చిన చంద్ర, అంగారక శిలల్లో చాలా భాగం ఇసుకలోనే తుప్పు పట్టిపోయేవి. అందుకే ఆ వ్యాపారాన్ని పూర్తిగా తప్పుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను.

కాగితం విలువ నేర్పినవాడు హార్వీ నినింజర్. అమెరికా కాన్సాస్‌లో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. 1923 నవంబరులో ఒక రాత్రి ఆకాశంలో పెద్ద అగ్నిగోళం చూశాక ఆయన జీవితం మారిపోయింది. ఊరూరా తిరిగి బడుల్లో, రైతుల దగ్గర ఉల్కల గురించి చెప్పి, నిజమైన రాయి తెస్తే డబ్బిస్తానన్నాడు. ఆయన ప్రతి రాయి మీదా చిన్న అంకె పెయింటుతో రాసేవాడు, అదే అంకె రిజిస్టరులో ఉండేది. ఆ సేకరణలో కొంత 1958లో బ్రిటిష్ మ్యూజియానికి, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం 1960లో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళింది. ఆ యూనివర్సిటీ ఉన్న టెంపీలో ఆ రాళ్ళను నేను చాలాసార్లు చూశాను. చేతిరాత అంకె కనిపించినప్పుడు ఇది ఎవరి పొలంలోది, ఎప్పటిది అన్నది అప్పటికప్పుడు తెలిసిపోతుంది. ఈనాడు మార్కెట్‌లో నినింజర్ అంకె ఉన్న ముక్కకు, అదే ఉల్కలో అంకె లేని ముక్కకు ధరలో తేడా చాలా ఉంటుంది. రాయి ఒకటే. తేడా అంతా ఆ అంకెది.

అందుకని మీ మొదటి కొనుగోలు పేరున్న, సులువుగా దొరికే, పత్రాలు స్పష్టంగా ఉన్న రాయి కావాలి. నన్నడిగితే మూడు చెప్తాను. ఒకటి కోసి మెరుగుపెట్టిన మామూలు కాండ్రైట్ పలక. లోహం, కాండ్రూల్స్ రెండూ కళ్ళకు కనిపిస్తాయి. రెండోది 1947 ఫిబ్రవరి 12న రష్యా తూర్పు కొసన పడ్డ సిఖోతె అలీన్ ఇనుము, చిన్న ముక్క. గాలిలో కరిగి బొటనవేలితో నొక్కినట్టు గుంతలు పడ్డవి ఉంటాయి, పేలి చీలిన పదునైన ముక్కలూ ఉంటాయి. మూడోది 1969 ఫిబ్రవరి 8న మెక్సికోలో పడ్డ అలెండే, ఒకటి రెండు గ్రాములైనా చాలు. అందులో కనిపించే తెల్లటి మచ్చలు సౌరకుటుంబంలో మొదట గట్టిపడ్డ పదార్థం, వయసు సుమారు 456.7 కోట్ల ఏళ్ళు. హిమాలయాలు లేవు, గోదావరి లేదు, అసలు భూమే లేదు. అప్పటి వస్తువు మీ చేతిలో ఉంటుంది. ఈ మాట ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అమ్మేవాళ్ళను ఎలా ఎంచుకోవాలి? అంతర్జాతీయ ఉల్కా సేకర్తల సంఘం, ఐఎంసీఏ అంటారు, అందులో సభ్యులైతే సంఖ్య ఉంటుంది. నకిలీ అమ్మినట్టు తేలితే సభ్యత్వం పోతుంది. ఏటా జనవరి చివర, ఫిబ్రవరిలో ఆరిజోనాలోని టూసాన్ రాళ్ళ ప్రదర్శనలోను, జూన్‌లో ఫ్రాన్స్ ఎన్సీషైమ్ ఊళ్ళోను వ్యాపారులంతా కలుస్తారు. ఆ ఊళ్ళో 1492 నవంబరు 7న పడ్డ రాయి ఇంకా అక్కడే ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు టూసాన్ ఒక్కసారైనా వెళ్ళి రాళ్ళు చేత్తో పట్టుకుని చూడండి. ఫొటోలు వంద చూసినా రాని గురి అక్కడ ఒక్క పూటలో వస్తుంది. ఆన్‌లైన్ వేలంలో మాత్రం "సర్టిఫికెట్ ఉంది" అన్న మాటకు లొంగకండి. అట్టముక్క ఎవరైనా అచ్చు వేయొచ్చు. పట్టికలో ఆ పేరు వెతికి, మొత్తం బరువు, రకం, తుప్పు స్థాయి అమ్మేవాడు చెప్పినవాటితో సరిపోతున్నాయా చూడండి. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్స్క్ మీద రాయి పేలిన వారం తిరక్కుండానే ఇంటర్నెట్‌లో ఆ పేరుతో మామూలు గులకరాళ్ళు అమ్మకానికి వచ్చాయి.

చట్టాలు దేశానికొక రకం. అమెరికాలో ప్రైవేటు నేలలో పడ్డది నేల యజమానిది. విలమెట్ అనే ఇనుప ఉల్క కేసులో ఒరెగాన్ సుప్రీంకోర్టు 1905లోనే ఆ మాట చెప్పింది. అక్కడి ప్రభుత్వ భూముల్లో, వాటిని చూసుకునే బీఎల్ఎం శాఖ నియమం ప్రకారం మనిషి ఏడాదికి పది పౌండ్ల వరకు సరదాగా ఏరుకోవచ్చు, కానీ అమ్మకూడదు. నమీబియా తన గిబియాన్ ఇనుప ఉల్కను రక్షిత సంపదగా ప్రకటించింది. అర్జెంటీనా 2007లో ఉల్కల్ని సాంస్కృతిక సంపదల్లో చేర్చింది. ఆస్ట్రేలియా, కెనడాల నుంచి బయటికి తేవాలంటే అనుమతి కావాలి. అందుకే కాంపో, గిబియాన్ ముక్కలు కొనేటప్పుడు చట్టం రాకముందే బయటికొచ్చిన పాత సేకరణలోవి అని చూపించే బిల్లో, పాత చీటీయో అడుగుతాను. లేకపోతే కొనను. మన దేశంలో పడ్డ రాళ్ళ ముక్కలు విదేశీ వ్యాపారుల దగ్గర ఎప్పుడైనా కనిపిస్తాయి. అవి నూటయాభై ఏళ్ళ కిందట మ్యూజియాల మధ్య మార్పిడిలో వెళ్ళినవైతే పత్రం ఉంటుంది. ఈమధ్య పడ్డవైతే దూరంగా ఉండండి.

దాచుకోవడం గురించి నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఉన్న సలహాలన్నీ ఆరిజోనా ఎండకు రాసినవి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలో ఉప్పు ఉంటుంది. ఇనుప ఉల్కకు తేమ ఒక శత్రువు, క్లోరిన్ ఇంకో శత్రువు, రెండూ మన గాలిలోనే ఉన్నాయి. మట్టిలో ఉన్నంతకాలం రాయిలోకి చేరిన క్లోరిన్ పగుళ్ళలో కూర్చుని లోపల్నుంచి తినేస్తుంది. పైన చిన్న గోధుమరంగు చెమట బొట్లు కనిపిస్తే అది మొదలైనట్టే. చైనా నాంటన్, స్వీడన్ మువొనియొనాలుస్టా అనే ఇనుప ఉల్కలు ఈ జబ్బుకు పేరుపడ్డవి. కోస్తాలో ఉండేవాళ్ళు మొదటి ఇనుముగా వాటిని కొనకండి. గాలి చొరబడని డబ్బా, అందులో నారింజరంగు సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటరు పెట్టండి. వర్షాకాలంలో జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడండి. వట్టి చేత్తో పట్టుకోవద్దు, మన చెమటలోనూ ఉప్పుంది. కడగాల్సి వస్తే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఆపైన పల్చగా కుట్టుమిషను నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడవాలి. రాతి ఉల్కలకు నూనె వద్దు, పీల్చుకుని రంగు మారతాయి. అనంతపురం, కర్నూలు వైపు వాళ్ళకు ఈ బాధ చాలా తక్కువ.

చదువు లేకుండా సేకరణకు రుచి ఉండదు. పది రెట్లు పెంచే భూతద్దంతో మొదలుపెట్టండి. తర్వాత ఒక పాత మైక్రోస్కోపుకు రెండు పోలరైజింగ్ ఫిల్టర్లు అమర్చి, 30 మైక్రాన్ల మందానికి అరగదీసిన రాతి పొరను చూడండి. బూడిదరంగు రాయి లోపల ఆలివిన్, పైరాక్సిన్ ఖనిజాలు రంగుల పండగ చేస్తాయి. రకాల పేర్లు మెల్లగా పట్టుబడతాయి. మామూలు కాండ్రైట్లలో హెచ్, ఎల్, ఎల్ఎల్ అన్నవి మొత్తం ఇనుము పాళ్ళను బట్టి, పక్కన 3 నుంచి 6 దాకా అంకె ఆ రాయి తన మాతృగ్రహశకలంలో ఎంత వేడెక్కిందో చెప్పడానికి. 3 అంటే కాండ్రూల్స్ చెక్కు చెదరలేదు, 6 అంటే కరగకపోయినా వేడికి మారి చుట్టూ ఉన్న రాతిలో కలిసిపోయి అంచులు పోయాయి. నెల్లూరు రాయి హెచ్5. ఇనుప ఉల్కను కోసి, మెరుగుపెట్టి, నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాలుతో కడిగితే అడ్డదిడ్డంగా అల్లుకున్న పట్టీలు తేలతాయి. నికెల్ తక్కువున్న కామసైట్, ఎక్కువున్న టైనైట్ లక్షల ఏళ్ళలో కొద్ది కొద్ది డిగ్రీలుగా చల్లారుతూ వేరుపడిన పొరలవి. ఏ కొలిమిలోనూ అంత నెమ్మదిగా చల్లార్చలేం. జహంగీరు కాలానికి ఇదంతా తెలియదు. అయినా 1621లో జలంధర్ దగ్గర పడ్డ ఇనుమును తవ్వి తెప్పించి, సుత్తి దెబ్బలకు నిలవక చిట్లిపోతుంటే మూడు పాళ్ళకు ఒక పాలు మామూలు ఇనుము కలిపించి కత్తులు చేయించాడు. బరువుతో సహా రాసిపెట్టాడు కూడా. ఆ కత్తుల్లో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్ ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. ఆమ్లం పని మాత్రం ఇంట్లో మొదలుపెట్టొద్దు, ఆమ్లంతో పట్టీలు తేల్చిన పలకనే కొనుక్కోండి.

చివరిగా, మీరూ ఒకరోజు అమ్ముతారు. డబ్బు అవసరమయ్యో, ఇంకో రాయి మీద మనసు పడో అందరం అమ్ముతాం, అందులో తప్పు లేదు. నేను పాటించే పద్ధతి చెప్తాను. ప్రతి ముక్కకూ కొన్న రోజే నోటుబుక్కులో పేరు, బరువు మిల్లీగ్రాముతో సహా, ఎవరి దగ్గర ఎంతకు కొన్నానో, వాళ్ళెక్కడ కొన్నారో రాస్తాను. పాత చీటీ ఎంత మాసినా పారేయను. ముక్క కోస్తే కోతలో పొడైపోయిన బరువు కూడా రాస్తాను, ఎందుకంటే రంపం మందానికి పలకకో గ్రాము రెండు గ్రాములు పోతుంది, ఆ తేడా చూసి తర్వాతివాడు అనుమానపడకూడదు. అమ్మేటప్పుడు ముందువాళ్ళ చీటీలన్నీ రాయితోపాటే ఇచ్చేస్తాను, నా దగ్గర నకలు ఉంచుకుంటాను. తుప్పు మొదలైన రాయిని తుప్పు ఉందని చెప్పి ఫొటో చూపించే అమ్ముతాను. వర్గీకరణ లేనిదాన్ని "చంద్రుడిది కావచ్చు" అని ఆశపెట్టి అమ్మడం నా దృష్టిలో మోసమే. చాలామంది అలా రాస్తారు, మీరు రాయకండి. ధర దగ్గర తొందరపడకండి. అదే ఉల్క, అదే బరువు ఈమధ్య ఎంతకు పోయిందో మూడు నాలుగు చోట్ల చూసి, అందులో మధ్యది చెప్పండి.

మీ మామయ్యగారి రాయి బరువు, నీళ్ళలో తూచిన అంకె, టైలు మీద గీత, పగటి వెలుగులో స్కేలు పక్కన పెట్టి తీసిన నాలుగైదు ఫొటోలు ఇక్కడ పెట్టండి. దొరికిన చేను సరిగ్గా ఎక్కడో మాత్రం అందరికీ కనిపించేలా రాయొద్దు, అది జీఎస్ఐ వాళ్ళకు పంపే ఉత్తరంలో రాయండి.